ఆ గడిలో అంకె వెయ్యను

పొద్దున్నే కిటికీ తెరిస్తే పుల్లటి గంజి వాసన లోపలికి వచ్చింది. ఎదుటింటివాళ్ళు వీధి పొడవునా పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతున్నారు. మా వైపు గంజిలో నాలుగు చుక్కలు కొబ్బరినూనె కలుపుతారు, దారం మెత్తబడాలని. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకు తగిలిన సమయానికి నా చేతిలో ఒక కవరు ఉంది. మగ్గం పరికరాల పథకానికి నేను పంపిన తొక్కుడు పలక డ్రాయింగు మూడోసారి వెనక్కి వచ్చింది. అందులో కొలతలు రాయవలసిన గడులు పన్నెండు. పదకొండింటిలో మిల్లీమీటరు తేడా లేకుండా అంకెలు వేశాను. పన్నెండో గడిని, అంటే ఇరుసు దూరం రాయవలసిన గడిని, ఖాళీగా వదిలాను. ఎవరో దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘అసంపూర్ణం’ అని రాశారు.

అది మరిచిపోయి వదిలిన గడి కాదు. ఎందుకు వదిలానో చెప్పాలంటే దాలమ్మత్త గురించి చెప్పాలి. ఆమె నాకు చుట్టం కాదు. మా ఊరు టెక్కలి నుంచి పలాస వెళ్ళే హైవే మీద దిగి లోపలికి రెండు కిలోమీటర్లు నడిస్తే వస్తుంది. మా నాన్న అక్కడి స్కూల్లో గుమాస్తా. మా ఇల్లు నేతగాళ్ళ వీధి మొదట్లో, ఆమె ఇల్లు మూడో గుమ్మం. వరస కలుపుకుని అత్తా అని పిలిచేవాణ్ణి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు కవిటి దగ్గర కొబ్బరితోటల ఊరికి కాపురానికి వెళ్ళింది. ఇంట్లో దాలమ్మత్తా, గుంట మగ్గమూ మిగిలాయి. గుంట మగ్గం చూడనివాళ్ళకు ఒక మాట. నేసేమనిషి నేల మీద, గుంట అంచున కూర్చుని కాళ్ళు గుంటలోకి వదులుతుంది. గుంటలో రెండు తొక్కుడు చెక్కలుంటాయి. ఎడమది తొక్కితే పడుగులో సగం దారాలు పైకి, సగం కిందికి పోతాయి. మధ్యలోంచి అడ్డదారాన్ని మోసుకుంటూ నాడె పరుగెడుతుంది. కుడిది తొక్కితే పైవి కిందికి, కిందివి పైకి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. బట్ట అంటే అదే.

నేను మెకానికల్ డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క, పలాసలో ఒక లేతు షాపులో చేరిన ఏడాది ఆమె ఎక్కిన ఆటో హైవే మీద తిరగబడింది. ఎడమ తుంటి విరిగింది. మూడు నెలల మంచం తరువాత లేచి నిలబడింది గాని, ఎడమ కాలు శరీరానికి వేలాడే వస్తువైపోయింది. నేల మీద ఆనుతుంది, దేన్నీ తొక్కలేదు.

ఒక ఆదివారం నేత సంఘం సెక్రటరీ ఆమె ఇంటికి వచ్చారు. చెడ్డమనిషి కాదు. అది ముందే చెప్పాలి, ఎందుకంటే ఆయన చేసినదంతా మర్యాదగానే చేశారు. మగ్గం నాలుగు నెలలుగా ఆగి ఉందనీ, సంఘం రూలు ప్రకారం ఆగిన మగ్గం వాటా నూలు ఇంకొకరికి మార్చాలనీ, ఆమె ఒక సంతకం పెడితే తనే దగ్గరుండి వికలాంగుల పింఛనుకు కాగితాలు నడిపిస్తాననీ చెప్పారు. కూతురు కూడా కవిటి వచ్చెయ్యమంటోందట కదా అని అడిగారు. ఆమె అంతా విని, మళ్ళీ నూలు పంచే రోజు ఎప్పుడని మాత్రం అడిగింది. ఐదు వారాలన్నారు. ఆ రోజుకు ఒక పడుగు మొత్తం నేసి తెస్తే నూలు రాస్తారా అంది. ఆయన నవ్వలేదు. జాలిగా తలూపి, తెస్తే రాస్తాను అని వెళ్ళిపోయారు. పెట్టెలో కాలు విరగకముందు తెచ్చుకున్న నూలు ఇంకా ఉంది.

సాయంత్రం నాకు కబురు వచ్చింది. వెళ్ళేసరికి మగ్గం ముందు పీట మీద కూర్చుని ఉంది, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని.

“ఏటిరా, మూడేళ్ళు సదివినావు గదా. ఒంటి కాలుతో తొక్కే మగ్గం సెయ్యలేవేటి?”

మగ్గానికి రెండు కాళ్ళు కావాలి కదత్తా అన్నాను.

“మగ్గానికేటి కాళ్ళు. కాళ్ళు మనిసికి గావాల. నాకొకటున్నాది.”

నేను చేయగలనని ఎవరైనా అనుకోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. అందుకే అప్పటికప్పుడు గుంటలోకి దిగాను. టేపుతో కొలతలు తీసి డైరీలో రాసుకున్నాను. గుంట లోతు, చెక్కల పొడవు, తాళ్ళ పొడవు, ఇలా పదిహేడు అంకెలు. కొలవడానికి అడ్డంగా ఉన్న చెత్తంతా ఏరి బయటికి విసిరాను. బూజు, తెగిన దారాల ఉండలు, మట్టిగోడలో గుచ్చి ఉన్న ఒక ఎండు కొబ్బరి ఈనె. పైకి వచ్చేసరికి ఆమె గుంటగోడ వైపే చూస్తోంది. అక్కడున్న ఈనె ఏదీ అంది. పారేశానన్నాను. ఏమీ తిట్టలేదు. చేతికర్రతో పెరటి వైపు చూపించింది. చీకటి పడేలోపు పెంటకుప్పలో వెతికి తెచ్చి ఇచ్చాను.

ఆ ఈనె ఏమిటో అప్పుడు చెప్పింది. మా వీధిలో ఎవరైనా మొదటిసారి మగ్గం ఎక్కేరోజున అరికాలి నుంచి మోకాలి మడత దాకా ఒక కొబ్బరి ఈనె పెట్టి, అక్కడికి విరుస్తారు. ఆ ఈనె పొడవుకే గుంట తవ్వుతారు, లేదా పూడుస్తారు. తరవాత దాన్ని గుంటగోడలో గుచ్చి ఉంచుతారు. దాలమ్మత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ గుంట ఆమె అత్తగారిది. ఆవిడ పొడగరి. ఈనె పెట్టి చూస్తే నాలుగు వేళ్ళ లోతు ఎక్కువైంది. ముసలావిడే స్వయంగా తట్టతో మట్టి తెచ్చి పోసి, కాళ్ళతో తొక్కి గట్టిపరిచి, ఇంక ఇది నీ గుంట అందట. నేను అదంతా వింటూ తలూపాను. నా డైరీలో పదిహేడు అంకెలుండగా ఈనెతో పనేమిటని లోపల అనుకున్నాను.

మొదటి ఆలోచన పలాస నుంచే వచ్చింది. మా షాపుకు వచ్చే పనిలో ముప్పాతిక వంతు జీడిపిక్కలు కోసే మిషన్ల రిపేరు. ఆ మిషను ముందు ఆడవాళ్ళు రోజంతా నిలబడి ఒంటి కాలుతోనే పెడలు తొక్కుతారు. కాలు తీస్తే స్ప్రింగు పెడల్ని పైకి లాగేస్తుంది. రెండో కాలు చేసే పని ఇక్కడ స్ప్రింగు చేస్తోంది అని నాకు తోచింది. ఓనరుని అడిగి ఒక పాత స్ప్రింగు తెచ్చి ఎడమ చెక్క స్థానంలో బిగించాను. నాడె నాలుగుసార్లు చక్కగా తిరిగింది. ఐదోసారి దారాలు తెగాయి. అతికింది. మళ్ళీ తెగాయి. రెండు రోజులు అలా అతుకుతూనే ఉంది. మూడో రోజు నేను బస్సు దిగి ఆమె ఇంటికి వెళ్ళేసరికి స్ప్రింగు ఊడదీసి గుమ్మంలో పెట్టి ఉంది.

“నాను ఆగితే మగ్గం ఆగాల. ఇది ఆగదు, నాను కూకున్నంతసేపూ గుంజుతానే ఉంటాది. ఇనపదానికి అలుపేటి తెలుస్తాది? దారానికి తెలుస్తాది.”

తప్పు ఎక్కడుందో ఆమె నాకంటే ముందే, నాకంటే తక్కువ మాటల్లో చెప్పింది. స్ప్రింగు విశ్రాంతి ఎరగదు. కాలు ఎరుగుతుంది. అప్పటికి పది రోజులు పోయాయి.

రెండోది కుట్టుమిషను చూసి చేశాను. ఒకే పలక. మధ్యలో ఇరుసు. కాలివేళ్ళతో నొక్కితే ముందుభాగం దిగి ఒక తాడు లాగుతుంది. మడమతో నొక్కితే వెనకభాగం దిగి రెండో తాడు లాగుతుంది. ఒంటి పాదమే రెండు కాళ్ళవుతుంది. ఆమె పాదం పొడవు కొలిచి, సరిగ్గా సగానికి ఇరుసు పెట్టి, ఇనుప బోల్టుతో బిగించాను. నా జీవితంలో అంత శుభ్రమైన పని అంతకుముందు చేయలేదు. ఆమె ఎక్కి పది నిమిషాలు తొక్కింది. వేళ్ళ వైపు పడుగు బాగా తెరుచుకుంటోంది. మడమ వైపు సగమే తెరుచుకుని, నాడె దారాల్లో చిక్కుతోంది. పిక్క పట్టేసి దిగిపోయింది. ఇరుసు సరిగ్గా మధ్యలోనే ఉందత్తా, స్కేలు పెట్టి చూపిస్తాను అన్నాను.

“నీ స్కేలుకి మడం ఉన్నాదేటి?” అంది.

తరవాత ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. వంటింట్లోంచి అప్పడాల కర్ర తెమ్మంది. బోల్టు ఊడదీయించి, పలక కింద ఆ కర్రను అడ్డంగా పెట్టించింది. పాదం పలక మీద ఆనించి కళ్ళు మూసుకుంది. వేళ్ళు, మడమ, వేళ్ళు, మడమ. ప్రతి నాలుగు తొక్కుళ్ళకూ ఆగి, ఇంకొంచెం ముందుకి అనేది. నేను గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని కర్రను వెంట్రుకవాసి జరిపేవాణ్ణి. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. చివరికి, ఉంచు అంది. ఆ మాటతో పాటు పాదం కింద పలక తేలిగ్గా ఊగడం నా వేళ్ళకు తెలిసింది. ఇరుసు మధ్య నుంచి వేళ్ళ వైపు జరిగింది. బలం తక్కువైన మడమకు పొడవైన చేయి దొరికింది. పుస్తకంలో మొదటి పాఠం అది. పరీక్షలో నాకు దానికి పూర్తి మార్కులు కూడా వచ్చాయి. కాని పుస్తకంలో పాదం లేదు. ఆ స్థానాన్ని సుద్దముక్కతో గుర్తు పెట్టాను. ఎన్ని మిల్లీమీటర్లో కొలవబోతే, తొక్కడానికా, రాసుకోడానికా అంది. స్కేలు జేబులోనే ఉంచేశాను.

మిగిలిన రోజుల్లో ఆమె పడుగు దాదాపు మొత్తం నేసి దించింది. వీధిలోంచి పోతుంటే కొత్త చప్పుడు వినిపించేది. అందరి మగ్గాలదీ ఒకే అడుగు. ఆమెది ఒక గట్టి అడుగు, ఒక మెత్తటి అడుగు. ఎవరూ లోపలికి రాకుండా తలుపు దగ్గరికి వేసుకునేది. ఎవరికీ చెప్పొద్దని నాకు కూడా ఆన పెట్టింది.

నూలు పంచే రోజున నేను షాపుకు సెలవు పెట్టాను. బట్ట మూట నేనే మోశాను. ఆమె చేతికర్రతో నడిచి వచ్చి, సంఘం వరండాలో అందరి మధ్య క్యూలో నిలబడింది. ముందుకు పంపిస్తామంటే వద్దంది. సెక్రటరీ బట్ట విప్పి వెలుగుకు పట్టి చూశారు. చాలాసేపు చూశారు. దాలమ్మ నేత ఆయన ఎరగనిది కాదు. అద్దంలా ఉంటుందని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. ఈ బట్టలో సన్నగా, అడ్డంగా ఒక గీత. ఒక పోగు బిగువు, ఒక పోగు కొంచెం వదులు, మొదటినుంచి చివరిదాకా.

“దాలమ్మా, ఇది నీ చేతి గుడ్డ కాదు,” అన్నారు నెమ్మదిగా. “ఎవరిచేత నేయించావో చెప్పు. తప్పేం లేదు.”

నాకు నోరు విప్పాలనిపించింది. ఆమె నా వైపు చూడకుండానే చేతికర్రతో నా కాలు మీద తట్టింది, నువ్వూరుకో అన్నట్టు.

“ఒక పోగు వేళ్ళది, ఒక పోగు మడందండి. గీత ఉన్నాది, నాను కాదన్ను. నాది కాదంటే మటుకు ఒప్పుకోను. మా ఇల్లు నాలుగంగలు. నాకైతే నలభై. మీకు నాలుగే. వచ్చి సూడండి.”

వచ్చారు. సెక్రటరీ, సంఘం పెద్దలు ఇద్దరు, వెనకాల క్యూ మొత్తం. ఇల్లు పట్టక కిటికీలోంచి కొందరు చూశారు. ఆమె ఎవరినీ కూర్చోమనలేదు. తుంటి దగ్గర చేయి ఆనించి, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి గుంటలో ఒక పక్కకు పెట్టుకుంది, పక్కింటివాళ్ళ వస్తువును జాగ్రత్తగా పెట్టినట్టు. చివరి అంచు దగ్గర కావాలనే నేయకుండా ఉంచిన జానెడు పడుగు మగ్గం మీద ఉంది. మొదలుపెట్టింది. గట్టి అడుగు, మెత్తటి అడుగు. నాడె అటూ ఇటూ. రెండు నిమిషాలకు సెక్రటరీ చాలమ్మా, నమ్మాను అన్నారు. ఆమె తల ఎత్తలేదు.

“మీరన్నారని మజ్జలో ఆపితే మళ్ళీ ఒక గీత పడతాది. జానెడు అవనియ్యండి.”

జానెడూ అయ్యేదాకా ఆయన నిలబడ్డారు. నిలబడే పుస్తకం తీసి నూలు రాశారు. ఆ తొక్కుడు పలక ఎవరు చేశారని అడిగారు.

“అదిగో, మా ఇంజినీరు. ఒకసారి పాడు సేసినాడు, రెండోసారి పాడు సేసినాడు. మూడోసారి నాను సేయించుకున్నాను.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంతవరకు నాకు వచ్చిన సర్టిఫికెట్లలో అంత కచ్చితమైనది ఇంకొకటి లేదు.

అక్కడితో నేను నేర్చుకున్నానని రాస్తే అబద్ధం. ఆ నెలలోనే వీధిలో మోకాళ్ళ నొప్పులున్న పదిమంది తమకూ అలాంటి పలక కావాలన్నారు. నేను ఉబ్బిపోయాను. దాలమ్మత్త పలక నమూనాగా పెట్టుకుని, పనసచెక్కతో, అచ్చు గుద్దినట్టు పది చేయించాను. ఇరుసు అన్నింటికీ ఆమె సుద్ద గుర్తు దగ్గరే. వారం తిరిగేసరికి పదీ నా గుమ్మంలోకి వచ్చాయి. గురువులు మావ అనే ఆయన, వీధిలో అందరికంటే పొడగరి, తన పలకను భుజాన వేసుకుని వచ్చి అరుగు మీద పెట్టాడు.

“ఏటి అల్లుడూ, దాలమ్మ కాలు ఊరందరికీ తగిలించీసినావు?”

ఆ పలకలు చూసి దాలమ్మత్త చేసిన హేళనకు లెక్కలేదు. నాలుగు రోజులు నన్ను పేరుతో పిలవలేదు. పది కాళ్ళోడా అంది. అయిదో రోజు కూతురు కవిటి నుంచి పంపిన కొబ్బరి ఈనెల కట్ట ఒకటి నా చేతిలో పెట్టి, ఇంటింటికీ పొమ్మంది. కొలవడానికి కాదు, మనిషి పక్కన కూర్చోడానికి. కూర్చో, ఏ కాలు, ఎక్కడ నొప్పి, అప్పడాల కర్ర పెట్టు, వాళ్ళు ఉంచు అన్నదాకా జరుపు, అప్పుడు మడమ నుంచి కర్ర దాకా ఈనె పెట్టి విరువు. పదిమందికీ పది ఈనెలు వచ్చాయి. ఏ రెండూ సమానంగా లేవు. నా డైరీలోని అంకెలకంటే ఆ కట్టలో ఎక్కువ సమాచారం ఉందని ఒప్పుకోవడానికి నాకు ఆ పది ఇళ్ళూ తిరగవలసి వచ్చింది. అప్పుడే పలకకు బోల్టు కన్నం తీసేసి, పొడవాటి గాడి పెట్టాను. గాడిలో ఇరుసు జరుగుతుంది, సరైన చోట ఒక చెక్క చీల దాన్ని బిగిస్తుంది. ఇప్పుడు టెక్కలిలో నా షాపులో తయారయ్యే పలక అదే.

దాలమ్మత్త ఆ మగ్గం మీద ఆరేళ్ళు నేసింది. ఆ గీత ఉన్న బట్టను మొదట్లో రెండో రకం కింద తీసుకున్నారు. మడమకు అలవాటు పడ్డాక గీత పలచబడింది గాని పూర్తిగా పోలేదు. పోవాలని ఆమె కోరుకున్నట్టు కూడా నాకు అనిపించలేదు. ఒకసారి ఎవరో ఫొటో తీయడానికి వచ్చి, చేతికర్ర కనిపించేలా పట్టుకోమన్నారు. దాన్ని మంచం కిందికి తోసేసి, కావాలంటే మగ్గాన్ని తీసుకోండి, నన్ను కాదు అంది. నిరుడు వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది. మా వీధి పద్ధతి ప్రకారం కూతురు గుంటగోడలోంచి ఈనె తీసి, పాడె మీద తల్లితోపాటే పంపింది. కాబట్టి ఆమె ఈనె నా దగ్గర లేదు. ఇరుసు దగ్గరి సుద్ద గుర్తు కూడా పాదం రాపిడికి ఎప్పుడో చెరిగిపోయింది.

పథకం ఆఫీసులో వాళ్ళ ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. అంకె లేకపోతే వెయ్యి పలకలు ఒకేసారి చేయించలేరు. చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజులైనా ఇవ్వమని రెండోసారి ఉత్తరంలో సూచించారు. ఇస్తే డ్రాయింగు పాసవుతుంది. వెయ్యి పలకలు వెయ్యి ఇళ్ళకు వెళతాయి. వెయ్యి గుమ్మాల్లోకి తిరిగి వస్తాయి. అవి వెనక్కి వచ్చినప్పుడు, పలకలో లోపం ఉందని ఎవరూ రాయరు. నేసేవాళ్ళకు కొత్తది వాడటం రాదని రాస్తారు. ఆ వాక్యానికి నా చేత్తో అంకె అందించను.

ఈ మధ్యాహ్నం డ్రాయింగు నాలుగోసారి పంపాను. పదకొండు గడుల్లో అవే అంకెలు. పన్నెండో గడి చుట్టూ వాళ్ళ ఎర్ర సున్నా అలాగే ఉంచాను. సంచీలో ఎప్పుడూ ఉండే కట్టలోంచి ఒక కొబ్బరి ఈనె తీసి కవరులో పెట్టబోతే పట్టలేదు. మడవలేదు. పెద్ద కవరు కొని, విరవకుండా పొడవుగా పెట్టి అంటించాను. కింద ఒక వాక్యం రాశాను: దీన్ని ఎక్కడ విరవాలో, ముందు మీరు మగ్గం మీద కూర్చుంటే చెబుతాను.